నల్ల శాలువా కప్పిన సోలార్ పలకలు

సూవి దో కతూన్, కొండ మీది మేత గుడిసెలు,
ఇలిన్‌దాన్ పండక్కి ముందు వారం

పరమ పూజ్యురాలు, కోటోర్ హోటల్ వంటశాలకి మకుటం లేని మహారాణి, నాకున్న ఏకైక మాత అయిన అమ్మ గారి దివ్య సముఖానికి,

నీ కొడుకు బాల్ష సాష్టాంగపడి (నేలంతా గొర్రెల పెంటికలు కాబట్టి మనసులోనే పడి) విన్నవించుకునేదేమనగా, నన్ను క్షమించు. ఈ ఏడు ఎండలు ఇలా మండిపోతున్నందుకు క్షమించు. గోతిలో మంచు కరిగి అడుక్కి పోతున్నందుకు క్షమించు. మన తెల్ల మేక నాలుక అంత శుభ్రంగా ఉన్నందుకు క్షమించు. సూర్యుడు పగలు మాత్రమే వస్తున్నందుకు, నాయనమ్మ కూడా సరిగ్గా ఆ పగలంతా మేలుకుని ఉంటున్నందుకు మరీ మరీ క్షమించు. ఇవన్నీ నా నేరాలే. ఒప్పుకుంటున్నాను. చదువుకున్నవాడిని, బాధ్యత తెలిసినవాడిని.

ఇక్కడ నేనూ, నాయనమ్మా, గొర్రెలూ, పైన చెప్పిన మేకా అందరం కులాసా. నువ్వు కూడా అక్కడ రోజుకి ఒక్కసారైనా ఉల్లిపాయల వాసన రాని చోట కాసేపు కూచుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం తాదియ తెచ్చిచ్చాడు. మన కైమాక్ మీగడ డబ్బాలు తన జీపులోకి ఎక్కిస్తూ, "కవరు అంటించేటప్పుడు మీ అమ్మ మొహం చూశానురా. కూచుని చదువు," అన్నాడు. కూచునే చదివాను. తర్వాత లేచి తిరుగుతూ చదివాను. ఆ తిరగడం ఇంకా ఆగలేదు. ఈ ఉత్తరం కూడా నాలుగు వాక్యాలు రాయడం, లేచి గడప దాకా వెళ్ళి దారికేసి చూడడం, మళ్ళీ వచ్చి కూచోవడం, అలాగే నడుస్తోంది.

నీ ప్రశ్నలకి జవాబులు. తింటున్నాను. పొద్దున మొక్కజొన్న పిండి కచామాక్, మధ్యాహ్నం నిన్నటి కచామాక్, రాత్రికి నాయనమ్మ "ఇవాళ కొత్తగా ఏదైనా చేస్తా" అని బెదిరించి చేసే కచామాక్. మేజోళ్ళు ఉతుకుతున్నాను, కొన్నిసార్లు. నాయనమ్మ ఇన్సులిన్ సూది రెండు పూటలా నేనే పొడుస్తున్నాను. పొడిచిన ప్రతిసారీ, "పొడ్‌గోరిత్స కాలేజీలో అన్నేళ్ళు ఇదే నేర్పారా?" అని అడుగుతోంది. ఇదే నేర్పారని చెబుతున్నాను.

ఇక అసలు ప్రశ్న. కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. "చమత్కారాలొద్దు. ముసలావిడ మందు చల్లగా ఉంటోందా, లేదా? ఫ్రిజ్ నడుస్తోందా, లేదా? ఇలిన్‌దాన్ నాటికి నడవకపోతే నా జీతంలోంచి తాదియ జీపు కట్టించుకుని పంపిస్తాను. ఆవిడ్ని దింపేస్తాను, గొర్రెల్ని అమ్మేస్తాను, ఆ కొండకో దణ్ణం పెట్టేస్తాను."

అమ్మా, ఫ్రిజ్ నడిచింది. నడవగలదు. నడవడానికి సర్వసన్నద్ధంగా ఉంది. ప్రస్తుతం నడవడం లేదు.

ఆగు, ఇంకా జీపు కట్టకు. మొత్తం చెబుతాను.

పోయినేడు మీ హోటల్ కప్పు మీంచి పాతవని దింపేసిన సోలార్ పలకలు రెండు నువ్వు అడిగి ఇప్పించావు కదా. నాన్న వాటిని గుర్రం మీద దుప్పట్లు చుట్టి తెచ్చి, గోడకి ఆనించి, "వచ్చే వారం బిగిస్తా" అన్నాడు. వేసవంతా ఆ మాటే అన్నాడు. నాన్న చెప్పిన ఆ "వచ్చే వారాలు" అన్నీ చివరికి నా వాటాకి వచ్చాయి. నేను పైకొచ్చేసరికి పలకల వెనకాల సాలీళ్ళు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి.

ఈ పని మాత్రం బాగానే చేశానమ్మా, నన్ను కాస్త పొగుడుకోనీ. దక్షిణం వైపు గోడ మీద, మేకలకి అందనంత ఎత్తులో, తుమ్మచెట్టు కొమ్మ నీడ కూడా పడకుండా గట్టి కర్రతో చట్రం కట్టాను. కాదు, అది తుమ్మ కాదు, నాన్న నాటిన ఆ ముళ్ళ చెట్టు, పేరు నీకే తెలుసు. వైరు కొనలేదు. మన పొరుగు గుడిసె మిలూన్ తాత దగ్గర పాడైపోయిన వెల్డింగ్ మెషీన్ ఉంటే దాని లావుపాటి వైరు అడుక్కున్నాను. వైరు ఎంత లావుంటే, ఎంత పొట్టిగా ఉంటే, దారిలో కరెంటు అంత తక్కువ పోతుంది. అందుకే బ్యాటరీని పలకల వెనకే గోడకి ఇవతల పెట్టాను, అంటే సరిగ్గా నా తల దగ్గర. మిలూన్ తాత లారీ బ్యాటరీ కూడా ఇస్తానన్నాడు. వద్దన్నాను. అది ఇంజను తిప్పడానికి ఒక్క తన్ను తన్నే రకం, రాత్రంతా ఓపిగ్గా పనిచేసే రకం కాదు. ఒక్క బ్యాటరీ మాత్రం కొత్తది కొన్నాం. తక్కినదంతా ఎవరో ఒకరు పారేసిందే. ఫ్రిజ్ కూడా లారీ డ్రైవర్లు సీటు వెనక పెట్టుకునే పెట్టె. బ్యాటరీకి నేరుగా తగిలిస్తే చాలు, మధ్యలో ఇంకే యంత్రమూ అక్కర్లేదు, తిండి తక్కువ, గోల తక్కువ. మన ఇంట్లో ఆ రెండు గుణాలూ ఉన్నది దానికొక్కదానికే.

తగిలించాను. గుర్రుమంది. నాయనమ్మ మూత తీసింది, లోపల దీపం వెలిగింది. మూసింది. తీసింది. "మూసినప్పుడు కూడా వెలుగుతుందా?" అంది.

"వెలగదు నాయనమ్మా."

"నీకెలా తెలుసు? నువ్వు లోపల ఉన్నావా?"

ఆ రోజంతా చప్పుడు చెయ్యకుండా వెళ్ళి గభాల్న మూత తీసి దాన్ని పట్టుకోవాలని చూసింది. సాయంత్రానికి సూది మందు పెట్టె లోపల పెట్టి, పక్కనే జున్ను ముద్ద పెట్టి, మూత మీద శిలువ గుర్తు వేసింది. నేను మిలూన్ తాత ఇంటికెళ్ళి రెండు గ్లాసుల రాకియా తాగి, "మందు చల్లగా ఉంచాలని డాక్టరు పెట్టిన షరతు నెరవేరింది, మా నాయనమ్మ కొండ మీదే ఉంటుంది," అని ప్రకటించాను.

మర్నాడు పొద్దున, అమ్మా, నేను గడ్డం గీసుకున్నాను.

అంత పెద్ద తప్పా అనకు. ఇంట్లో అద్దం సంగతి నీకు తెలుసు. నాన్న పోయిన రోజు నువ్వే దాని మీద నీ నల్ల శాలువా కప్పావు. చావింటి అద్దం మీది గుడ్డ ఊరివాళ్ళు నలభై రోజులకి తీసేస్తారు, కొడుకు పోతే మాత్రం ఏడాది ఉంచాలంది నాయనమ్మ. అక్టోబరు దాకా ఆ శాలువా కదలదు. కాబట్టి నేను ఇన్నాళ్ళూ నీళ్ళ బకెట్లో చూసుకుని గీసుకుంటున్నాను, నా చెవులు ఇంకా రెండున్నాయంటే దేవుడి దయ. ఆ పొద్దున ఎండలో పలకలు తళతళలాడుతున్నాయి. నల్లగా, నున్నగా, నా మొహమంత అందమైన మొహం అందులో. సబ్బు రాసుకుని నించున్నాను.

వెనక నుంచి, "ఓ నా డేగా," అని వినపడింది. నాయనమ్మ నన్ను డేగా అంటే ఏదో కోడిపిల్ల పోయినట్టే లెక్క. "ఏం చేస్తున్నావురా?"

"గడ్డం గీసుకుంటున్నా."

"దేన్లో చూసుకుని?"

"ఈ పలకలో."

"అయితే అది అద్దం."

"అద్దం కాదు నాయనమ్మా. ఎండని కరెంటు చేసే..."

"నీ మొహం కనపడుతోందా లేదా?"

"కనపడుతోంది."

"నా మొహం?"

"అదీ కనపడుతోంది."

"మరి నా కొడుకు నోవిత్స మొహం ఏదిరా?"

సబ్బు నా మొహం మీదే ఎండిపోయింది. సగం గడ్డంతో ఆ రోజంతా తిరిగాను. మధ్యాహ్నానికి ఒక పలక మీద నాయనమ్మ పెద్ద నల్ల శాలువా, రెండో దాని మీద అంత్యక్రియలకి కట్టుకున్న నల్ల లంగా. గాలికి ఎగరకుండా అంచులకి రాళ్ళు కట్టింది. రెండు పలకలూ గోడకి నించుని దుఃఖిస్తున్నాయి. మూడో రోజుకి బ్యాటరీ ఖాళీ అయింది, ఫ్రిజ్‌లో దీపం ఆరిపోయింది, మూసినప్పుడే కాదు, తీసినప్పుడు కూడా.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు. "చదువుకున్నావు కదా, నచ్చజెప్పలేవా?" చెప్పాను. సిలికాన్ గురించి, ఎలక్ట్రాన్ల గురించి అరగంట ఉపన్యసించాను. మొత్తం విని, "పాపం, వాటికీ తల్లులుంటారు," అంది.

రాత్రి తీసేద్దామంటే, ఆవిడ సూర్యుడితో పాటే నిద్రపోయి సూర్యుడితో పాటే లేస్తుంది. సోలార్ విద్యలో నాకు కనిపించిన ఒకే ఒక్క లోపం ఇది.

పోనీ మొహం కనపడకుండా చేస్తే? నేనే గుడ్డలు తప్పించి, పలకల మీద పల్చగా జున్నునీళ్ళు పూశాను. ఎండితే మసకగా తెల్లటి పొర కట్టింది. ఎండ కొంచెం తగ్గినా సరే, మొహం కనపడదు. నాయనమ్మ వంగి వంగి చూసి, "ఊఁ," అంది. గెలిచాననుకుని గొర్రెల వెనకాల వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తెల్ల మేక గోడ పక్కన పేర్చిన కట్టెలెక్కి, రెండు పలకల్నీ ఈ మూల నుంచి ఆ మూల దాకా నాకేసింది. మీ హోటల్లో గ్లాసులు కూడా అలా మెరవవు. నాయనమ్మ లోపలికెళ్ళింది. శాలువా తెచ్చింది.

మిలూన్ తాతని మధ్యవర్తిగా పిలిచాను. టోపీ చేతిలో పట్టుకుని వచ్చి నాయనమ్మ ముందు నించున్నాడు. "స్తోయా, అది అద్దం కాదమ్మా, కిటికీ లాంటిది అనుకో."

"కిటికీ అయితే అవతల ఏముందో చూసి చెప్పు."

తాత చాలాసేపు చూశాడు. "నేనే ఉన్నాను," అని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. దారిలో నాతో, "ఒరే ఇంజనీరూ, నువ్వు గడ్డం పెంచుకుని ఉంటే ఈపాటికి మీ నాయనమ్మ చల్లటి మజ్జిగ తాగుతుండేది," అన్నాడు.

కాబట్టి మందు ఇప్పుడు పాత పద్ధతిలోనే చల్లగా ఉంది. చలికాలపు మంచు వేసవి దాకా నిలిచే ఆ గోతిలోంచి రోజూ ఒక సంచి మంచు తెస్తున్నాను. వీపు మీద ఉన్ని పరిచి, దాని మీద సంచి కట్టుకుని తెచ్చేసరికి సగం నా వెన్నులోకి కారిపోతుంది. మందు పెట్టెకి మంచు నేరుగా తగలకుండా మందంగా ఉన్ని చుట్టి మధ్యలో పెడుతున్నాను, గడ్డకట్టినా అది పాడైపోతుంది కదా. ఇది చదివి స్థిమితపడకు. మంచు రోజురోజుకీ కిందకి దిగిపోతోంది. మొదట్లో చెయ్యి చాస్తే అందేది. తర్వాత నిచ్చెన. ఇప్పుడు తాడు. మొన్న తాడు జారి మోకాలు దోక్కుపోయింది, పైన మిలూన్ తాత, "మీ అమ్మకి నేనేం చెప్పాలిరా!" అని అరుస్తున్నాడు తప్ప తాడు లాగట్లేదు. గోతి అడుగున ఇంక మిగిలింది మంచు కాదు, మురికి మంచుగడ్డ. ఇలిన్‌దాన్ దాటితే అదీ ఉండదు. ఈ చుట్టుపక్కల ఊట లేదు, అందుకే మన పెద్దలు దీనికి సూవి దో, అంటే ఎండిన లోయ, అని పేరు పెట్టారు, అప్పట్నుంచి ఎవరూ ఆ పేరు తప్పని నిరూపించలేదు.

ఇప్పుడే మళ్ళీ లేచి వెళ్ళి ఉన్ని తడిమి చూసొచ్చాను. చల్లగానే ఉంది. ఇంకా.

నువ్వన్నట్టు దింపేస్తే సరిపోతుంది కదా అని నేనూ అనుకున్నాను. ఈ పరుగులు నాకూ తప్పుతాయి. నా స్నేహితులందరూ సముద్రంలో ఈదుతున్నారు, నేను గోతిలో ఈదుతున్నాను. కానీ చలికాలం నీ ఫ్లాట్‌లో ఆవిడ ఎలా ఉందో గుర్తుందా? పొద్దున్నే తయారై, కోటు వేసుకుని, మెట్ల మీద కూచునేది. ఎక్కడికి నాయనమ్మా అంటే, "ఎక్కడికీ లేదురా, పిలిస్తే సిద్ధంగా ఉండాలి కదా," అనేది. ఎవరూ పిలవలేదు. ఇక్కడ గొర్రెలు పిలుస్తాయి, పాలు పిలుస్తాయి, మేక అయితే పిలవకుండానే వస్తుంది. ఇక్కడ ఆవిడ నన్ను తిడుతోందమ్మా. ఫ్లాట్‌లో ఒక్కసారైనా తిట్టిందా?

ఇంకో మాట. పోయిన వారం పాలు కాచి, కైమాక్ కట్టడానికి చెక్క గిన్నెల్లో పోస్తూ, నావైపు చూడకుండా అంది, "ఈ గుడ్డలు నేను తియ్యను. నా చేతికి ఆ హక్కు లేదు. మొదటి గుడ్డ మీ అమ్మ కప్పింది. కప్పిన చెయ్యే తియ్యాలి. ఆ అద్దం మీద శాలువా ఆవిడ తీస్తే, బయటివి నేనే తీసేస్తా."

"అక్టోబరు దాకా ఆగక్కర్లేదా?"

"పెళ్ళాం వచ్చి చాలంటే చాలు. తల్లి ఒక్కత్తే ఎప్పటికి చాలంటుందిరా?"

నేనేదో హాస్యమాడబోయాను. మానేసి గిన్నె అందించాను. గిన్నెలన్నీ వరసగా సర్దింది, మళ్ళీ ఆ వరసే సర్దింది.

"ఆ రోజు కిందకి పొద్దున్నే దిగుదామంది మీ అమ్మ," అంది. "బండి చక్రాలంత జున్ను దిమ్మలు ఇంకో రెండున్నాయి, అవి కూడా ఎక్కించి వెళ్ళండి అన్నది నేను. వాడు అవి ఎత్తుతూనే కూలబడ్డాడు. అప్పట్నుంచి మీ అమ్మ పైకి రాలేదు. సీజన్ పని ఉందంటోంది. నా మీద కోపంతో రావట్లేదా, బాల్షా?"

అమ్మా, నాకు తెలీదు. నిజంగానే తెలీదు. నువ్వు ఆవిడ గురించి నాకు రాసే ప్రతి ఉత్తరంలోనూ మందు ఉంటుంది, సూది ఉంటుంది, చలికోటు ఉంటుంది, ఆవిడకి నేరుగా ఒక్క మాట ఉండదు. ఆవిడ నీకు పంపే ప్రతి కైమాక్ డబ్బా అడుగునా నీకిష్టమైన ముదురు పొర ఉంటుంది, పైన ఒక్క మాట ఉండదు. మధ్యలో తాదియ జీపు, దాన్ని నడిపించే పెట్రోలు కన్నా ఎక్కువ మౌనం మోసుకుని తిరుగుతోంది.

డాక్టరుకి కావల్సిందల్లా చల్లటి పెట్టె. నాకు కావల్సిందల్లా ఎండ. ఎండ కావలసినంత ఉంది, దాని మీద ఒక లంగా, ఒక శాలువా ఉన్నాయి, వాటి మీద లోపల అద్దం మీదున్న నీ శాలువా ఉంది. నేను లెక్క వేసి చూశాను. ఇంజనీరింగ్ పరంగా లోపం కోటోర్‌లో ఉంది.

సరే, ఇక్కడి వార్తలు. నాలుగు రోజులుగా నాయనమ్మకి ఏదో పూనింది. గుడిసెకి సున్నం వేసింది. నా పరుపు తీసి పొయ్యి పక్కన పడేసి, కిటికీ దగ్గరి మంచం మీద కొత్త దుప్పటి పరిచింది, దాని మీద నన్ను కూచోనివ్వడం లేదు. గొర్రెపిల్లల్లో ఒకదానికి మాత్రం ఉప్పు ఎక్కువ పెడుతోంది, దానికి పేరు పెట్టొద్దని నన్ను హెచ్చరించింది. ముదురు పొర కైమాక్ ఒక గిన్నె పక్కకి తీసి, మిలూన్ తాత వేలు పెట్టబోతే గరిటెతో కొట్టింది. నిన్న బయటికెళ్ళి, పలకల మీది గుడ్డల అంచులకి కట్టిన రాళ్ళు విప్పేసింది. గుడ్డలు తియ్యలేదు. ముడులు మాత్రం వదులు చేసి, "లాగితే వచ్చేట్టు ఉండాలి," అంది. నేను మాత్రం ఆ పలకల వైపు పోవడం లేదు. గడ్డం కూడా గీసుకోవడం లేదు.

దీనికంతటికీ కారణం ఏమిటని నువ్వు అడుగుతావు. చెబుతున్నాను. తాదియ బయట హారన్ కొడుతున్నాడు, వాడితో కూడా మాట్లాడాను, పండగ ముందు రోజు తెల్లవారకముందే మీ హోటల్ వెనక గేటు దగ్గర జీపు ఉంటుంది. నువ్వు ఎలాగూ జీపు పంపిస్తానన్నావు కదా. ఖాళీగా రావడం దేనికి?

ఎండకీ, మంచుకీ, మేక నాలుకకీ నేనడిగిన క్షమాపణలన్నీ ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. అవేవీ నేను చెయ్యలేదు. ఆ గిన్నెల ముందు నాయనమ్మ "నా మీద కోపమా" అని అడిగినప్పుడు నేను, "కోపమేంటి నాయనమ్మా, అమ్మ ఇలిన్‌దాన్‌కి వస్తోంది," అన్నాను. ఆవిడ గరిటె కింద పెట్టి, "మాటేనా?" అంది. "మాటే," అన్నాను. "నీ మాటా, తన మాటా?" అంది.

ఒకరి మాట ఇంకొకరు ఇవ్వకూడదని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి నేర్పింది నువ్వే. ఆ చెవి ఇంకా ఉంది, వచ్చి మెలిపెట్టు. అమ్మా, నేను నిజంగా చేసింది ఇదొక్కటే. "అమ్మ మాట," అన్నాను.

ఇట్లు,
గడ్డం పెరిగిన, గడపలో నించుని దారికేసి చూస్తున్న
నీ కొడుకు
బాల్ష